పొకువా బ్లాగు ఇల్లు మారింది

శనివారం పొద్దున ఓపానిన్ గ్యెబీ రేడియోలో నోరు విప్పాడంటే సువామే మ్యాగజీన్‌లో సగం పని ఆగిపోతుంది. మ్యాగజీన్ అంటే చదివేది కాదు. కుమాసీలో పాత కార్లకు ప్రాణం పోసే పేట అది. ఎటు చూసినా విప్పిన ఇంజన్లు, వాటి కిందనుంచి బయటికి చాచుకున్న కాళ్ళు. ఆ పేట మెకానిక్కుల సంఘానికి గ్యెబీ పెద్ద. ఓపానిన్ అంటే అర్థం అదే. బానెట్ ఎత్తకుండానే చప్పుడు విని జబ్బేమిటో చెప్పగలడని ఆయనకు పేరు. ఆ పేరును ఊరంతా చాటింది కూడా ఆయనే.

ఆ శనివారం ఆయన పొకువా మీద పడ్డాడు.

"సువామే పొకువా అట! ఎవరమ్మా నీకా పేరు పెట్టింది?" అన్నాడు మైకులో. "కొట్టు మీద బోర్డు చూశాను. ఇంటర్నెట్‌లో ఆ పేరుతో కొత్త ఇల్లు కడుతోందట. బ్రేకు లైనింగులు అమ్ముకునే పిల్ల సువామే అంతటికీ పెద్దమ్మ అయిపోయిందా? దాని నెత్తిన పౌడరు పోసిన మేస్త్రీ ఎవరో చెప్పమను!"

"అలా అంటారేంటి ఓపానిన్," అన్నాడు కార్యక్రమం నడిపే బెంపా. నిప్పు కనిపిస్తే విసనకర్ర పట్టుకుని పరిగెత్తే రకం అతను. "బండి మొరాయిస్తే డ్రైవర్లందరూ ఫోన్లో చూసుకునేది ఆవిడ రాసిందే కదా. గూగుల్‌ని అడిగితే మొదట వచ్చేది ఆవిడేగా."

"ఏదీ, నా కళ్ళ ముందు రమ్మను! వచ్చే శనివారం దాన్నిక్కడికి పిలు. నీ ఫోన్లోనే అడుగు, బ్రేకు తొక్కితే మెత్తగా కిందికి దిగిపోతోంది, ఏం చెయ్యాలి అని. దాని రాత మొదట రాలేదా, ఆ పేరులోంచి సువామే తీసెయ్యాలి. బోర్డు దింపెయ్యాలి."

"మరి వస్తే?"

"వస్తే అప్పుడు మాట్లాడదాంలే," అని ఆయన కిచకిచ నవ్వాడు.

కొట్లో బ్రేకు షూలు తుడుస్తున్న పొకువా చేతిలో గుడ్డ అక్కడే ఆగిపోయింది. కోపంతో చెవులు వేడెక్కాయి. ఆ వెంటనే నవ్వొచ్చింది. అడగడానికి వెయ్యి ప్రశ్నలుండగా ముసలాయన ఏరికోరి ఆమెదే ఎంచుకున్నాడు! ఘనాలో ఎవరు ఏ మూల నుంచి ఆ ప్రశ్న అడిగినా మొదట వచ్చే జవాబు ఆమె రాసిందే.

పౌడరు మాట మాత్రం గుచ్చుకుంది. శిష్యరికం పూర్తయినవాడి నెత్తిన మేస్త్రీ టాల్కం పౌడరు గుమ్మరించి, ఇవాళ్టి నుంచి నువ్వూ మేస్త్రీవే అంటాడు. తెల్లటి మొహంతో వాణ్ణి పేటంతా ఊరేగిస్తారు. పొకువా పని నేర్చుకున్నది సొంత తండ్రి దగ్గరే. మగపిల్లలతో సమానంగా లారీల కింద పడుకుంది, మొహాన ఆయిలు కార్పించుకుంది. ఇంకొద్ది నెలల్లో శిష్యరికం నుంచి విడుదల అనగా తండ్రి పోయాడు. మేస్త్రీ లేని శిష్యురాలిని విడుదల చెయ్యడం ఆచారంలో లేదన్నారు పెద్దలు. అలా అన్నవాళ్ళలో గ్యెబీ కూడా ఉన్నాడు. పొకువా ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, విడిభాగాల కొట్టు పెట్టుకుంది. తండ్రి నేర్పిందంతా ఎక్కడ మర్చిపోతానో అన్న భయంతో ఒక బ్లాగు మొదలుపెట్టి ఒక్కొక్కటీ రాస్తూ పోయింది. అందులో లేని సువామే ఇంకెక్కడుందో నాకైతే తెలీదు. ఆమె కూడా ఆ పొద్దున రేడియో వైపు చూస్తూ అదే మాట పైకే అంది, ఇంకో రెండు మాటలు కలిపి. ఆ రెండూ ఇక్కడ రాయను.

సోమవారం ఫీఫీ వచ్చాడు. వెబ్‌సైట్లు తయారుచేయడం అతని పని. కేప్ కోస్ట్ నుంచి వచ్చిన ఫాంటే తెగ మనిషి. సముద్రం పక్కన పుట్టినవాళ్ళకు నోరెక్కువని పొకువా అంటుంది, కుమాసీ అసాంటేలకు మొండితనం ఎక్కువని అతనంటాడు. ఇద్దరూ నిజమే చెబుతారు.

"అక్కా, నా మాట విను. ఈ శనివారం దాటాక మారుద్దాం," అన్నాడు బల్ల మీద లాప్‌టాప్ తెరుస్తూ. "పందెం పెట్టుకుని, పరుగు మొదలయ్యే ముందు టైర్లు మార్చేవాళ్ళని ఎక్కడైనా చూశావా?"

"పాత అడ్రసుతో రేడియోకెళ్ళమంటావా? బెంపా అడుగుతాడు, మేడమ్, మీ అడ్రసు చెప్పండి అని. ఏం చెప్పను? ఘనా, చిన్న గీత, కార్, చిన్న గీత, గేర్‌బాక్స్, చిన్న గీత, హెల్ప్, నాలుగంకె, యూ అక్షరం! నేను చెప్పడం అయ్యేసరికి వాళ్ళు వార్తలు చదివేసుకుంటారు."

ఫీఫీ నవ్వాపుకోలేకపోయాడు. "అసలా నాలుగెందుకు పెట్టావు?"

"అప్పుడు స్టైలుగా అనిపించింది. నోర్మూసుకుని పని చూడు."

అతను పని చూశాడు. చూస్తూనే విషయం విడమర్చి చెప్పాడు. ఇన్నేళ్ళుగా గూగుల్ దృష్టిలో మంచిపేరు తెచ్చుకున్నది పాత అడ్రసు. కొత్త అడ్రసు నిన్న పుట్టిన పిల్ల, దాన్నెవరూ ఎరగరు. పాత ఇంట్లో ప్రతి గది తలుపు మీదా 'శాశ్వతంగా ఫలానా చోటికి మారాం' అని ఒక గుర్తు పెట్టాలి. మనిషైనా, గూగుల్ అయినా, ఆ గుర్తు పట్టుకుని కొత్త ఇంట్లో సరిగ్గా అదే గదికి వెళ్ళాలి. అప్పుడే పాత ఇంటి మంచిపేరు కొత్త ఇంటికి వస్తుంది.

"క్లచ్ గురించి వచ్చినవాడు క్లచ్ దగ్గరికి, బ్రేకు గురించి వచ్చినవాడు బ్రేకు దగ్గరికి. తిన్నగా," అన్నాడు.

సరిగ్గా అప్పుడే పొకువా తల్లి డుఫీ ఫుఫు గిన్నె, మేకమాంసం పులుసు పట్టుకుని కొట్లోకి వచ్చింది. చివరి మాట ఆమె చెవిన పడింది. ఆమె చెవిన పడ్డ మాట ఊరికే పోవడం ఆ పేటలో ఎవరూ చూడలేదు.

"తిన్నగా అంటే?" అంది గిన్నె దించి. "ఎక్కణ్ణుంచో వచ్చినవాణ్ణి గుమ్మంలో పలకరించకుండా, కూర్చోమనకుండా, మంచినీళ్ళివ్వకుండా, ఏం పని మీద వచ్చావు నాయనా అని అడక్కుండా, మెడ పట్టుకుని బ్రేకు దగ్గరికి ఈడ్చుకుపోతారా? అది ఇల్లా, పోలీస్ స్టేషనా?"

"అమ్మా, గూగుల్‌కి దాహం వెయ్యదు," అన్నాడు ఫీఫీ.

"గూగుల్‌కి కాదురా, మనిషికి! మీ కేప్ కోస్ట్‌లో చుట్టాలొస్తే వంటింటి కిటికీలోంచి దూకించి లోపలికి తెస్తారేమో. మా ఇళ్ళల్లో ముందు నీళ్ళు, తర్వాతే మాట."

ఫీఫీ సాయం కోసం పొకువా వైపు చూశాడు. అదే అతను చేసిన పొరపాటు. పొకువా కళ్ళు అప్పటికే మెరుస్తున్నాయి.

"అమ్మ చెప్పింది నిజంరా," అంది. "కొత్త ఇంటికి గుమ్మం ఉండాలి. పెద్ద స్వాగతం పేజీ పెడదాం. పైన అక్వాబా అని రాద్దాం. నీళ్ళ చెంబు బొమ్మ వేద్దాం. కూర్చోండి, నీళ్ళు తాగండి, ఏం పని మీద వచ్చారో చెప్పండి అని అడుగుదాం. పాత ఇంటికి ఎవరు ఏ గదికి వచ్చినా ముందు ఇక్కడికే తీసుకురా. ఇక్కణ్ణుంచి వాళ్ళకేం కావాలో వాళ్ళే వెతుక్కుంటారు."

"అక్కా, అది వద్దు. అన్ని తలుపులూ ఒక్క గుమ్మానికి కలపకూడదు. నా మాట..."

"ఇల్లు నాదా, నీదా?"

ఫీఫీ రెండు చేతులూ ఎత్తేశాడు. ఆమె చెప్పినట్టే చేశాడు. సాయంత్రానికి అక్వాబా పేజీ తయారైంది, చూడముచ్చటగా ఉందంటే ఉందని ఒప్పుకోవాలి. డుఫీ తన ఫోన్లో తెరిచి పక్క కొట్ల వాళ్ళందరికీ చూపించింది. వెల్డింగు చేసే ముసలాయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూసి, నీళ్ళు తాగినంత పనైందన్నాడు. పొకువాకు ఆ రోజు కాళ్ళు నేల మీద ఆనలేదు. కొత్త బోర్డు కింద నిలబడి ఫొటో కూడా దిగింది.

బుధవారం పొద్దున కొట్టు తెరవగానే అలవాటుగా ఫోన్లో అడిగింది. బ్రేకు తొక్కితే మెత్తగా కిందికి దిగిపోతోంది.

మొదటి జవాబు ఎవరిదో. రెండోది ఎక్కడో చలిదేశం వాళ్ళది, మంచులో బండి ఎలా నడపాలో చెబుతోంది. మూడు, నాలుగు, అయిదు. పేజీ అయిపోయింది. తర్వాతి పేజీ చూసింది, ఆ తర్వాతిదీ చూసింది. ఆమె లేదు. కిందకి జారడం కాదు, అసలు లేనే లేదు. క్లచ్ గురించి అడిగింది. అక్కడా లేదు. ఇంజను వేడెక్కడం గురించి అడిగింది. అక్కడా లేదు. తండ్రి నేర్పింది రాసుకున్న అన్నేళ్ళ రాత ఒక్క దెబ్బకి ఊళ్ళోంచి వెళ్ళిపోయినట్టు అనిపించింది పొకువాకు. స్టూలు మీద కూలబడింది.

అప్పుడే ఫోన్ మోగింది.

"మేడమ్, నేను ట్రోట్రో డ్రైవర్ని. మాంపాంగ్ ఘాటీ మీద ఆగిపోయాను," అంది గొంతు. వెనక ఆ అద్దె వ్యానులోని ప్రయాణికులు ఎవరి గోల వాళ్ళు చేస్తున్నారు. "నా బ్రేకు పెడల్ మెత్తబడిపోయింది. ఇదివరకు దాచుకున్న మీ రాత నొక్కాను. అక్వాబా అన్నారు, బాగానే ఉంది. కూర్చోమన్నారు, కూర్చున్నాను. నీళ్ళు తాగమన్నారు, సరే తాగాను. ఇప్పుడు నా బ్రేకు సంగతి ఎక్కడుందమ్మా? నొక్కీ నొక్కీ వేలు అరిగిపోయింది! అడుగున మీ నంబరు కనబడితే చేశాను."

పొకువా లేచి నిలబడింది. "బండి ఆపేశావా? ఇంజను ఆపి గేర్లో పెట్టు, హ్యాండ్ బ్రేకు లాగు. జనాన్ని దింపు. చక్రాల కింద రాళ్ళు పెట్టు, ముందూ వెనకా. పెట్టావా?"

"పెట్టిస్తున్నా. ఏయ్, ఆ పెద్ద రాయి ఇటు తే!"

"ఇప్పుడు బ్రేకాయిలు డబ్బా చూడు. ఎంతుంది?"

"అడుగంటింది."

"అయితే ఎక్కడో కారుతోంది. చక్రాల లోపలి వైపు తడిగా ఉందేమో చూడు."

కాసేపటికి, "ఎడమ వెనక చక్రం దగ్గర కారుతోంది మేడమ్," అన్నాడు డ్రైవరు.

"అక్కణ్ణుంచి అంగుళం కదలకు. ఆయిలు పోసుకుని మెల్లగా దిగిపోదాం అనుకుంటావేమో, నా మీదొట్టు. మాంపాంగ్‌లో మేస్త్రీ ఉన్నాడు, అతన్నే నీ దగ్గరికి పంపిస్తాను."

పంపించింది. పంపించి ఫోన్ పెట్టేశాక తన అక్వాబా పేజీ తెరిచి చూసుకుంది. ఘాటీలో బ్రేకు పోయి తన గుమ్మంలోకి వచ్చినవాడికి ఆమె చెంబు బొమ్మ చూపించింది. నంబరు కనబడకపోతే ఏమయ్యేది? సిగ్గుతో తల వాలిపోయింది. పందెం సంగతి తర్వాత, ముందు ఈ సిగ్గు.

కబురందుకుని ఫీఫీ పరిగెత్తుకొచ్చాడు. ఆమె జరిగిందంతా చెప్పింది.

"నేను ముందే చెప్పాను అని ఒక్కసారి అననా?" అన్నాడు.

"అను. ఒక్కసారే."

"నేను ముందే చెప్పాను." ఊపిరి పీల్చుకుని కూర్చున్నాడు. "అయిపోయింది. ఇక విను. గూగుల్ పంపే మనిషి ఒకడు ఊళ్ళన్నీ తిరుగుతూ ఉంటాడనుకో. పాత ఇంట్లో బ్రేకు గది తలుపు తట్టాడు. మనం అక్వాబాకి పంపాం. చూశాడు, అక్కడ బ్రేకు ఊసే లేదు. క్లచ్ గది తలుపు తట్టాడు, మళ్ళీ అదే చెంబు. ఓహో, వీళ్ళ దగ్గర ఇంక బ్రేకూ లేదు, క్లచ్చూ లేదు, మంచినీళ్ళు మాత్రమే ఉన్నాయి అనుకుని పేరు కొట్టేశాడు."

"శనివారంలోగా తిరిగి వస్తుందా?"

"ఒట్టేసి చెప్పలేనక్కా. సరిచేస్తే తిరిగి వస్తుంది. ఎప్పుడు వస్తుందో మాత్రం వాడిష్టం."

పొకువా గోడకు తగిలించిన పాత దుప్పటి తీసి బల్ల మీద పరిచింది. గేర్‌బాక్సు విప్పినప్పుడు తండ్రి పళ్ళచక్రాలన్నీ దాని మీదే వరసగా పేర్చేవాడు. ఒక్కటి అటూ ఇటూ అయినా బండి కదలదనేవాడు. ఆమెకు ఫీఫీ ఇన్నాళ్ళూ చెబుతున్నది అప్పుడు ఒంటబట్టింది. దుప్పటి మీద ఒక పక్క తన లాప్‌టాప్, ఇంకో పక్క అతనిది పెట్టింది.

"విప్పిన ప్రతి ముక్కా దాని చోట్లోనే బిగించాలి. అంతేగా?"

"అంతే!"

"మరి ఆ ముక్క మొదటే చెప్పొచ్చుగా, ఇల్లూ గదులూ అంటూ సోది చెప్పకపోతే?"

ఇద్దరికీ నవ్వొచ్చింది, పని మొదలైంది. ఫీఫీ పాత వ్యాసాల పేర్లు ఒక్కొక్కటీ చదువుతున్నాడు, పొకువా కొత్త చోటు చెబుతోంది, అతను టకటకా కొడుతున్నాడు. ఇల్లు మారుతున్న ఉత్సాహంలో ఆమె కొన్ని వ్యాసాల పేర్లు మార్చేసింది, రెండు క్లచ్ వ్యాసాలను ఒకటిగా కలిపేసింది. ఏది ఎక్కడికి పోయిందో ఆమెకు తప్ప దేవుడికి కూడా తెలీదు.

"గేరు వేస్తే గరగర?"

"గేర్‌బాక్సు మూడో వ్యాసంలోకి. ఆగు, మూడోది కాదు! అది డీజిల్ బండ్లది. పెట్రోలు దానికి."

"పొగ నల్లగా వస్తోంది?"

"అదే పేరుతో ఉంది."

"పొగ తెల్లగా వస్తోంది?"

"అదీ అదే పేరు. ఒరేయ్, నల్లదాన్ని తెల్లదానికి కలిపావు చూడు!"

"నీ కళ్ళు గద్ద కళ్ళక్కా."

మధ్యలో కరెంటు పోయింది. పోతుందని అందరికీ తెలుసు, అయినా పోయినప్పుడల్లా పేటంతా ఒక్కసారి ఉసూరుమంటుంది. వెల్డింగు ముసలాయన తన జనరేటరు వైరు గోడ మీంచి ఇటు విసిరాడు. ఆ డబడబ చప్పుడులో అరుచుకుంటూ పని సాగించారు. డుఫీ కెంకే ఉండలు, వేయించిన చేప, నల్లటి షిటో కారం తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. డ్రైవరు సంగతి ఆమె అప్పటికే విని ఉంది. 

"నేను మామూలు చుట్టాల గురించి చెప్పానే," అంది కొంచెం చిన్నబోయి. "బ్రేకు పోయినవాడి గురించి కాదు. మీ నాన్న ఒకసారి ఎవరి కారుకో నిప్పంటుకుంటే బిందెడు నీళ్ళూ ఇంజను మీదే పోశాడు. ఆ కారు వాడికి గ్లాసుతో ఇవ్వలేదు."

పొకువా నవ్వుతూ ఎంగిలి చేత్తోనే తల్లిని కావలించుకుంది. ఆ నవ్వులో సిగ్గు కొంచెం కరిగింది.

సాయంత్రానికి ప్రతి పాత తలుపూ దాని కొత్త గదికి తెరుచుకుంది. అక్వాబా పేజీని తీసెయ్యలేదు. తిన్నగా ముందు గుమ్మంలోంచి వచ్చేవాళ్ళకు దాన్ని అలాగే ఉంచారు. వ్యాసాల మధ్య ఒకదాన్నుంచి ఒకదానికి వెళ్ళే దారులన్నీ కొత్త అడ్రసుకు మార్చారు. ఇంటి పటం ఒకటి గీసి, మేం మారాం, మళ్ళీ వచ్చి చూసుకోండి అని గూగుల్‌కు విన్నవించారు. పొకువా బ్రేకు వ్యాసం తలుపు తన చేత్తో పది రకాలుగా తట్టి చూసింది. ప్రతిసారీ తిన్నగా బ్రేకు దగ్గరికే వెళ్ళింది.

గురువారం ఏమీ జరగలేదు. ఆమె ఆ రోజు కొట్లో ఇద్దరికి తప్పు లైనింగులిచ్చి, వాళ్ళ వెనకాలే పరిగెత్తి మార్చి ఇచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం ఒక్క కేక పెట్టింది. రెండో పేజీ అడుగున, ఆమె బ్రేకు వ్యాసం! చీకటి పడేవేళకు మొదటి పేజీలోకి పాకింది, అయినా పైన ఇంకా నలుగురున్నారు. పొకువా కొట్టు ముందు ఒంటికాలి మీద గెంతింది. పక్క కొట్ల వాళ్ళు సంగతేమిటో తెలియకుండానే చప్పట్లు కొట్టారు. ఆ పేటలో ఎవరైనా గెంతితే అలాగే కొడతారు.

"ఎక్కుతోందిరా!"

"ఎక్కుతోంది," అన్నాడు ఫీఫీ. "రేపటికి పైదాకా ఎక్కుతుందని మాత్రం నన్ను అడక్కు."

శనివారం స్టూడియోలోకి వెళ్ళేముందు ఆమె ఫోన్ ఫీఫీ చేతిలో పెట్టేసింది. చూసే ధైర్యం లేదు. అద్దం గోడకు అవతల ఫీఫీ నిలబడ్డాడు. ఇవతల గ్యెబీ, చారల పొడుగు చొక్కా తొడుక్కుని, పెళ్ళికొచ్చిన పెద్దలా దర్జాగా కూర్చున్నాడు. బోర్డు దింపితే పేరులోంచి సువామే ఒక్కటే పోదు. తండ్రి పక్కన లారీ కింద పడుకున్న రోజులు కూడా ఎవరూ ఒప్పుకోనివై పోతాయి. 

"అడుగుతున్నాను," అన్నాడు బెంపా ఫోన్ మైకు దగ్గర పెట్టుకుని. "బ్రేకు తొక్కితే మెత్తగా కిందికి దిగిపోతోంది... వచ్చింది. మొట్టమొదటి వరస చదువుతున్నాను. 'బ్రేకు మెత్తబడితే ముందు బండి ఆపండి.' దీని అడ్రసు, ఘనా, గీత, కార్, గీత, గేర్‌బాక్స్, గీత..."

"హెల్ప్, నాలుగు, యూ!" గ్యెబీ బల్ల చరిచాడు. "పాత ఇల్లది! తాళం వేసి పోయిందని పేటంతటికీ తెలుసు. తాళం కప్పకి మొదటి బహుమతి ఇస్తావుటయ్యా?"

 కొత్త పేరు ఇంకా రాలేదు, పాత పేరే వచ్చింది. అద్దం అవతల ఫీఫీ మాత్రం ఏడవడం లేదు. వేలితో గాల్లో పొడుస్తూ ఏదో అరుస్తున్నాడు. నొక్కమను! నొక్కమను!

"నొక్కి చూడండి," అంది పొకువా.

బెంపా నొక్కాడు. కనుబొమలు పైకి లేచాయి. "తెరుచుకుంది... పైన పెద్ద అక్షరాలతో, సువామే పొకువా! కింద, 'ముందు బండి ఆపండి. చక్రాల కింద రాళ్ళు పెట్టండి. ఆ తర్వాతే ఇది చదవండి.' బ్రేకు వ్యాసమే, ఓపానిన్! అచ్చంగా అదే!"

పొకువా పెట్టిన కేకకు మైకు కీచుమంది. ఆ కేక విన్నవాళ్ళు కుమాసీలో ఇప్పటికీ దాన్ని అనుకరిస్తారు. అవతల ఫీఫీ ఎవరో ముక్కూమొహం తెలియని ఆఫీసాయన్ని ఎత్తి గిరగిరా తిప్పాడు.

"ఆగండాగండి," అన్నాడు గ్యెబీ. ఫోన్ తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. "ఇదేం మర్యాదే? గుమ్మంలో పలకరింపేది? మంచినీళ్ళేవి? మీ అమ్మ నీకిదేనా నేర్పింది?"

"బ్రేకు పోయి వచ్చాడు పెద్దయ్యా," అంది పొకువా. "ముందు రాయి. తర్వాత నీళ్ళు."

ముసలాయన ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. "అచ్చం మీ నాన్న గొంతు," అన్నాడు మెల్లగా. అంతలోనే మళ్ళీ గొంతు పెంచాడు. "సరే, నా బ్రేకులు బాగానే ఉన్నాయి. నేను తీరిగ్గా వచ్చిన చుట్టాన్ని. నాకివ్వవే నీళ్ళు!"

బల్ల మీదున్న నీళ్ళ ప్యాకెట్ కొరికి, గ్లాసులో పోసి, కుడిచేత్తో ఇచ్చింది. ఆయన రెండు చుక్కలు నేల మీద వదిలి, పోయినవాళ్ళకు వాళ్ళ వాటా ఇచ్చి, మిగతాది తాగాడు. గ్లాసు బల్ల మీద పెట్టి, అడగమన్నట్టు చూశాడు.

పొకువాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. అయినా అడగాల్సిన పద్ధతిలో అడిగింది. "ఇక్కడ మేమంతా చల్లగా ఉన్నాం పెద్దయ్యా. తమరేం పని మీద వచ్చారు?"

"నేనూ చెడు కబురేం మోసుకురాలేదు," అన్నాడు గ్యెబీ. "మా పేటలో ఒక పిల్ల పని నేర్చుకుని చాలా కాలమైంది. దాని మేస్త్రీ పోయాడు. ఆ రోజు ఆచారం ఆచారం అని మేమంతా మొహాలు తిప్పుకున్నాం. మొన్న ఘాటీలో ఎవడో బ్రేకు పోగొట్టుకుంటే ఇది ఫోన్లోనే కాపాడిందట, వాడొచ్చి నా ఎదుట చెప్పాడు. ఆ మిగిలిపోయిన పని పూర్తిచేసిపోదామని వచ్చాను." చొక్కా జేబులోంచి కొత్త పౌడరు డబ్బా తీశాడు.

బెంపా నోరు తెరిచాడు. "ఓపానిన్! ఓడిపోతారని ముందే తెలుసా?"

"పొద్దున మనవరాలి ఫోన్లో చూశాలే. అలాగని మైకు ముందు ఊరికే ఓడిపోతామా?" అని ఆయన లేచి నిలబడ్డాడు. "తల వంచవే."

పొకువా తల వంచింది. డబ్బా మొత్తం ఖాళీ అయ్యేదాకా ఆయన చెయ్యి ఆగలేదు. జుట్టు మీద, భుజాల మీద, మైకు మీద, బెంపా కాగితాల మీద పౌడరు పొగలా లేచింది. "ఇవాళ్టి నుంచి నువ్వూ మేస్త్రీవే," అన్నాడు ముసలాయన, వినబడీ వినబడనట్టు. కళ్ళలోంచి నీళ్ళు కారి పొకువా చెంపల మీద తెల్లటి చారలయ్యాయి. నాన్న ఉండాల్సింది అనుకుంది, నాన్న ఉన్నట్టే ఉంది కూడా. అవతల మ్యాగజీన్‌లో రేడియో వింటున్నవాళ్ళు స్పానర్లతో రేకులు వాయిస్తున్నారని ఎవరో అద్దం దగ్గరికొచ్చి సైగ చేశారు.

బెంపా తుమ్మి, గొంతు సవరించుకున్నాడు. "మేడమ్ మేస్త్రీ, వినేవాళ్ళకి మీ అడ్రసు చెప్పండి."

పొకువా పెదాల మీది పౌడరు కూడా తుడుచుకోలేదు.

"సువామే పొకువా," అంది. "మధ్యలో గీతలేం లేవు."